కొండమ్మ ముక్కుపుడక

రోజూ కోడి కూతతోనే పైడన్న కొండ కింద చెప్పులు విడిచి పైకెక్కేవాడు. దిగేటప్పుడు ఒక చేతిలో ఆకుదొన్నె, అందులో ఒక్క పువ్వు. ఇంకో చేతిలో పందుంపుల్లలు. పుల్లలు మా వీధిలో కొండెక్కలేని ముసలివాళ్ళకి. పువ్వు మా ఊరి దేవత కొండమ్మకి.

బియ్యపుగింజంత పసుపు చుక్క చుట్టూ తెల్లరేకులుండే ఆ పువ్వుని మేం ముక్కుపుడక పువ్వంటాం. వానల్లో, రాతి నెరియల్లో పూస్తుంది. పైడన్న కూతురు శాంతికి మూడేళ్ళొచ్చినా నడక రాలేదు. పూసినన్నాళ్ళూ రోజుకొక పువ్వు, అదీ అన్నిటికంటే నిండుగా విచ్చినది తెచ్చి పెడతానని కొండమ్మకి మొక్కుకున్నాడు. ఆ ఏడే పిల్ల అడుగులేసింది. ఇరవై రెండేళ్ళుగా మాట తప్పలేదు.

మొన్న శ్రావణంలో, బరంపురం కాలేజీలో మొక్కల పాఠం చెప్పే ఉషారాణి గారు ఈ మొక్కల్ని వెతుక్కుంటూ వచ్చారు. తూర్పు గుట్ట మీదున్నవన్నీ రాతి క్వారీలో పోయాయి. పైడన్న పువ్వు కోసే బండ మీద మిగిలినవి పదిహేడు మొక్కలు.

"బాబాయ్, నిండు పువ్వే కాయ కడుతుంది. విత్తు రాలితేనే మళ్ళీ మొక్క. దాన్నే నువ్వు కోసేస్తున్నావు," అన్నారు మెల్లగా.

"కొండకి కొండే లారీల్లో ఎలిపోతంటే, నా ఒక్క పువ్వేనా అమ్మా కనపడింది?"

"క్వారీ మీద కలెక్టరాఫీసులో కాగితం పెట్టాను. వాళ్ళు కదిలేదాకా ఇవి బతకాలి కదా."

పైడన్నకి కోపం రాలేదు. ఆవిడ దాహమంటే కొబ్బరిబొండం కొట్టిచ్చాడు. మర్నాడు కొండెక్కి, పువ్వు మీదకి చెయ్యి చాపి, తీసి, మళ్ళీ చాపి, పొద్దెక్కేదాకా అక్కడే కూర్చున్నాడట. కోస్తే జాతే పోతుందంటున్నారు. కొయ్యకపోతే కొండమ్మకిచ్చిన మాటేం కాను? పైగా శాంతి ఇప్పుడు కడుపుతో ఉంది, ఏడో నెల.

ఉత్త దొన్నెతో దిగాడు. పందుంపుల్లలు మాత్రం మరిచిపోలేదు.

భార్య అమ్మడు గుమ్మంలోనే ఆపింది. "ఏటి, కాళీగొచ్చినావు? కొండమ్మకేటి సెప్తావు? కాలేజీ మేడమ్ సెలవిచ్చిందనా?"

"అదే తెలీక సస్తన్నానే!"

"ముందు బువ్వ తిను. తిన్నాక సద్దువుగాని."

తిని, గుడిదాకా వెళ్ళాడు గానీ గడప దాటలేకపోయాడు. పక్కింటివాణ్ణి కదా, నన్ను పిలిచి ఉషారాణి గారికి ఫోను కలపమన్నాడు.

"అమ్మా, పువ్వు ఇంక కొయ్యను. కాపలా కూడా కాస్తాను. ఒక్క సాయం సెయ్యాల. ఆదివారం మా ఊరొచ్చి, ఆ కాయ సంగతీ, విత్తు సంగతీ, నాకు సెప్పినట్టే కొండమ్మ ముందు నిలబడి సెప్పమ్మా. సదువులేనోణ్ణి, నాను సెప్తే ఆ తల్లికి అర్థం కాదేమో."