దుంగల ఇంటికి దాహం

ఈ సాయంత్రం అల్ సువైక్ అనే అరబ్బు ఊళ్లో ఒక ఖర్జూర తోటకు వెళ్లాను. అక్కడి దుంగల ఇంటి మరమ్మతు పని మా కంపెనీదే. ఎండకు దుంగలు పగలడం మామూలే కానీ, కింది వరుస మెత్తగా కుళ్లిపోయింది. తోట చూసుకునే కడప మస్తాన్ భాయ్‌ని కారణం అడిగాను.

“పగుళ్లిచ్చినాయి కదా మేడమ్, పాపం. రోజూ నీళ్లు పెడ్తాండా. చెట్లకు పెట్టి దీనికి పెట్టకపోతే ఎట్ల?” అంటూ దుంగ మీద మొలిచిన పుట్టగొడుగును చూపించాడు. “చూడండి, పానం వచ్చింది.”

ఇంతలో యజమాని వచ్చాడు. ఇది ఎవరి నిర్వాకమో చెబితే వాణ్ణి రేపే ఊరికి పంపేస్తానన్నాడు. మస్తాన్ భాయ్ చేతిలో పైపు ఇంకా కారుతోంది.

“తేమ వల్ల సర్,” అన్నాను.

అబద్ధమైతే కాదు. తర్వాత దుంగలకు నీళ్లు పెట్టడం మానేయమని నేను చెప్పినందుకు మస్తాన్ భాయ్ మాత్రం నాతో మాట్లాడటం లేదు. మీరైతే ఏం చెప్పేవారు?