జూబ్లీహిల్స్ తల్లి గురించి నేను చెప్పని సగం

శుక్రవారం సాయంత్రం మా అక్క ఫోన్ చేసింది. "కరుణా, పిల్ల ఎవరితోనూ మాట్లాడ్డం లేదే. బిడ్డకి పాలు కూడా సరిగ్గా పట్టడం లేదు. చంటాడికి ఇరవై రోజులొచ్చేయి. నువ్వొచ్చి నాలుగు రోజులు లాల పొయ్యి. దాని మనసులో ఏవుందో కనుక్కో" అంది. పిల్లంటే అక్క కూతురు. ఇక్కడ గ్రేసు అని రాస్తున్నాను, అసలు పేరు అది కాదు. ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నాను. అక్క వాళ్ళది రాజోలు దాటాక, సఖినేటిపల్లి రేవుకి ఇవతల ఒక పల్లె.

నేను చదివింది అయిదో తరగతి. నా పని పసిబిడ్డలకి లాల పోయడం. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, నిద్రపోయాక తల్లి పక్కన పడుకోబెట్టాలి. పదకొండేళ్ళు హైదరాబాదులో, డబ్బున్నవాళ్ళ పేటల్లో ఈ పనే చేశాను. ఒక్కో ఇంట్లో రెండు మూడు నెలలు. ఆ ఇంటివాళ్ళే ఇంకో ఇంటికి నా నంబరు ఇచ్చేవారు. మోకాళ్ళు పట్టేసి మా ఊరొచ్చేసి రెండేళ్ళయింది.

శనివారం పొద్దున్న ఆరున్నరకి కొత్తపేటలో అమలాపురం బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు ఇస్తున్నారు, వెళ్ళేవాళ్ళు కార్డు మరిచిపోకండి. ఏడున్నర దాటాక అమలాపురంలో దిగి, బస్టాండు బయట ఒక పెసరట్టు తిని టీ తాగాను. అల్లం పచ్చడి బాగుంది. ఎనిమిదింపావుకి రాజోలు బస్సు దొరికింది.

నా పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది. వెనక సీట్లో కొబ్బరి దింపు పనిచేసే పెద్దాయన. "ఏ ఊరండీ, ఎవరి తాలూకండీ" అనుకున్నాక నా పనేమిటో చెప్పాను. టీచరమ్మ ఊరుకుంటుందా! "సిటీలో తల్లులు ఎలా ఉంటారండీ?" అంది.

అది నాకు కొట్టిన పిండి. పెళ్ళిళ్ళలో, చర్చి మెట్ల మీద, ఎక్కడ నలుగురు చేరినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇదే చెప్పించుకుంటారు.

"బంజారాహిల్స్ తల్లుందండీ, ఆవిడకి బిడ్డకంటే నూనె సీసా మీద ధ్యాస. తిప్పి తిప్పి చదువుతుంది. 'ఆంటీ, ఇందులో కెమికల్స్ లేవు కదా?' నువ్వులనూనెలో ఏవుంటాయండీ, నువ్వులుంటాయి! కొండాపూర్ తల్లిది కంప్యూటరు ఉద్యోగం. బిడ్డ ఉచ్చ పోసినా ఎన్ని గంటలకో ఫోన్లో రాసుకోవాలి. ఓరోజు ఉండబట్టలేక, 'అమ్మా, వీడు తుమ్మేడు, రాసుకోండి' అన్నాను. నిజంగానే రాసుకుందండీ!"

బస్సు నవ్వింది. అప్పుడు నేను లేచి, సీటు కడ్డీ పట్టుకుని, గొంతు సన్నం చేసి, రెండో చేతి వేళ్ళు ఒంటికి తగలకుండా గాలిలో పెట్టాను. "జూబ్లీహిల్స్ తల్లి. తలుపు దగ్గరే నిలబడుతుంది. 'అయ్యిందా ఆంటీ? అయ్యిందా?' అంటుంది గానీ గడప దాటదు. నెల దాటిందండీ, కన్నబిడ్డని చేత్తో ముట్టుకోలేదు. గోళ్ళరంగు పోతుందని కాబోలు!"

"ఆయ్, మేకైనా పిల్లని నాకుతుందండీ" అన్నాడు పెద్దాయన.

"మన కోనసీమ తల్లయితే బిడ్డని కింద పెడుతుందాండీ!" అంది టీచరమ్మ.

"అదే కదండీ మరి" అన్నాను నేను.

తాటిపాకలో దిగుతూ ఆవిడ, "మీరు మళ్ళీ ఎప్పుడు ఎక్కుతారో చెప్పండి పిన్నిగారూ, నేనూ అదే బస్సు ఎక్కుతాను" అంది. నేను పొంగిపోయాను.

పావుతక్కువ పదికి రాజోలు. అక్కడినించి షేర్ ఆటో. పదకొండు కాకుండానే అక్క ఇంట్లో ఉన్నాను. పెరట్లో ఎండ తగిలే చోట పీట వేసుకుని కూర్చున్నాను. అక్క నీళ్ళు పోస్తూంటే చంటాడికి లాల పోశాను. బంగారంలాంటి పిల్లాడు, నీళ్ళు పడగానే కళ్ళు మూసి నోరు చప్పరించాడు. గ్రేసు వెనక గుమ్మంలో నిలబడింది, చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని.

"అయ్యిందా పిన్నీ?" అంది.

నేను పైకి చూశాను. అక్క చెంబు దించి, "వచ్చేరండీ జూబ్లీహిల్స్ అమ్మగారు!" అంది. "ఇరవై రోజులై ఇదే వరస. నేనే ఎత్తాలి, నేనే పడుకోబెట్టాలి, పాలకి కూడా నేనే తెచ్చి ఒళ్ళో పెట్టాలి. నువ్వు చెప్పేదానివి చూడు, అచ్చం అలా తయారైంది. అందుకే ఇంట్లో అందరం అలాగే పిలుస్తున్నాం, సిగ్గొచ్చి ఎత్తుకుంటుందేమోనని."

గ్రేసు లోపలికి వెళ్ళిపోయింది. నా కాళ్ళ మీద బిడ్డ ఉన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ నీళ్ళ గుంటలోనే తల దాచుకునేదాన్ని. ఆ పేరు పెట్టింది అక్క కాదు. నేను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గ్రేసు గదిలోకి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. "ఏవైందమ్మా, పిన్నికి చెప్పవా?" అన్నాను.

"నీకా?" అంది. "నీకు చెబితే రేపు బస్సులో చెబుతావు."

నేను బిడ్డ పక్కగుడ్డలు తీసి మడత పెట్టాను.

"నా సీమంతంలో చెప్పేవుగా పిన్నీ. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వేను. ఇప్పుడు నవ్వడానికి నేనే దొరికేను."

అప్పుడు చెప్పాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మిగతా సగం. ఆ జూబ్లీహిల్స్ అమ్మాయి ఒక మధ్యాహ్నం నా దగ్గర నేల మీద కూర్చుని ఏడ్చింది. "ఆంటీ, వాణ్ణి ఎత్తుకుంటే నా చేతులతో నేనే మేడ మీంచి పడేస్తానేమోనని భయం. రోజంతా అదే కళ్ళకి కడుతుంది. అందుకే ముట్టుకోను" అంది. తలుపు దగ్గర "అయ్యిందా" అని అడిగేది విసుగుతో కాదు. బిడ్డ నీళ్ళలోంచి క్షేమంగా బయటికొచ్చాడని వినేదాకా ఆమెకి ఊపిరాడేది కాదు. తర్వాత డాక్టరుకి చూపించుకుంది, మందులు వాడింది. నేను వచ్చేసే రోజున నా ఎదురుగానే పీట మీద కూర్చుని, తన కాళ్ళ మీద తనే లాల పోసింది. ఈ సగం చెబితే ఎవరూ నవ్వరు. అందుకని ఎప్పుడూ చెప్పలేదు.

గ్రేసు గోడవైపు తిరిగింది. "నాకు బావి" అంది. "బావి దగ్గరికి తీసుకెళ్ళిపోతానేమోనని." మళ్ళీ, "నా ఏడుపు ఆపడానికి కల్పించి చెబుతున్నావా పిన్నీ?" అని అడిగింది.

ఇన్ని కథలు చెప్పేదాన్ని, ఒక్క నిజం చెబితే నమ్మించుకోలేకపోయాను. ఫోన్లో ఆ జూబ్లీహిల్స్ అమ్మాయి నంబరు ఉంది. చేశాను. ఆ అమ్మాయి వెంటనే ఎత్తింది. "ఆంటీ! ఎలా ఉన్నారు?" అంది. సంగతి చెప్పి గ్రేసు చేతికిచ్చి బయట అరుగు మీద కూర్చున్నాను. దాదాపు గంట మాట్లాడుకున్నారు. గ్రేసు ఏడవడం వినిపించింది, తర్వాత ముక్కు చీదడం. పిలిస్తే లోపలికి వెళ్ళాను. ఫోను స్పీకరులో ఉంది.

"ఆంటీ, ఆ రోజు ఆ మాట మీ ఒక్కరికే చెప్పాను. మీ కడుపులోనే దాచారు. మీ మేలు మరిచిపోలేను" అంది ఆ అమ్మాయి.

గ్రేసు నా మొహంలోకి చూస్తోంది. దాచింది ఆ ఒక్క మాటే, మిగతాదంతా ఊరూరా పంచాను.

"ఆయ్" అన్నాను.

అక్కకి ఆ రాత్రే విడమరిచి చెప్పాను. "నేనేం చేసేనే! కన్నపిల్లని దెప్పేనే" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆదివారమంతా గ్రేసుని ఒంటరిగా వదల్లేదు. సోమవారం ఏడుగంటల బస్సుకి నలుగురం అమలాపురం వెళ్ళాం. లేడీ డాక్టరు గారు కంగారు పడలేదు. "బాలింతల్లో ఇది వచ్చేదేనమ్మా, తగ్గేదే. మీ తప్పు కాదు. మందులు మానకండి, రెండు వారాలకి రండి" అని, అక్కతో, "అమ్మా, పిల్లని ఒక్కదాన్నీ ఉంచకండి" అన్నారు. పాలివ్వచ్చా అని గ్రేసే అడిగింది. ఇవ్వచ్చన్నారు. ఇరవై రోజుల్లో బిడ్డ గురించి అది తనంతట తాను అడిగిన మొదటి మాట అదేనట.

మధ్యాహ్నం వాళ్ళని రాజోలు బస్సు ఎక్కించాను. బిడ్డ ఇంకా అక్క ఒళ్ళోనే ఉన్నాడు.

మూడు గంటలకి నేను కొత్తపేట బస్సు ఎక్కాను. ఎండ వాలుతోంది, కాలవ పక్కనే పోతోంది బస్సు. ముక్కామల దాటాక మళ్ళీ హైదరాబాదుకి ఫోన్ చేశాను. గ్రేసు డాక్టరు దగ్గరికి వెళ్ళిందని చెప్పి, ఆగకుండా రెండోది కూడా చెప్పేశాను: గొంతు సన్నం చేయడం, గోళ్ళరంగు, రెండేళ్ళుగా ఎక్కడెక్కడ చెప్పానో, అన్నీ.

ఫోను ఉందా పోయిందా అని రెండుసార్లు చూసుకున్నాను.

"ఎంతమంది నవ్వారు ఆంటీ?"

"లెక్క తెలీదమ్మా."

"వాళ్ళందరికీ మిగతాది కూడా చెప్పండి" అంది. ఫోన్ పెట్టేసింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కొత్తపేట నించి అక్క వాళ్ళ పల్లెకి పెద్ద దూరం కాదు. రెండు బస్సులు, ఒక ఆటో. పూట తిరక్కుండా వెళ్ళిపోవచ్చు. నవ్వినవాళ్ళు మాత్రం తాటిపాకలో కొందరు, రాజోల్లో కొందరు, పెళ్ళి భోజనాలయ్యాక కొందరు, ఎవరి ఊళ్ళకి వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు నేను అడగలేదు. వాళ్ళ ఇళ్ళలో కూడా గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిన పిల్ల ఉందేమో, ఆ పిల్లని నేను పెట్టిన పేరుతో పిలుస్తున్నారేమో, నాకు తెలీదు. ఇంటింటికీ వెళ్ళి చెప్పుకోలేను. అందుకని అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇది రాశాను. ఆ బస్సులో ఉన్నవాళ్ళు ఎవరైనా చదివితే, ఆ అమ్మాయి గోళ్ళకి రంగు లేదండీ. నేనే వేశాను.