అప్ప గోడకి మా మిషను మట్టి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ తరవాత ఒక్కొక్కటిగా వచ్చి మీద పడ్డాయి. టైడా దగ్గర కొండల్లో, వంతెన పునాదికి రాయి ఎంత లోతునుందో చూసే బోరు పని మాది. బోరులోంచి పైకొచ్చే బురదని గిరగిరా తిప్పి, అందులోని రాతిపొడినీ మట్టినీ ఓ పక్కకి కక్కి, తేరిన నీళ్లని మళ్లీ బోరులోకి పంపే సెంట్రీఫ్యూజ్ మిషను నా చేతికిచ్చారు. అది తిరుగుతుంటే లోయ అవతలి కొండలు రెండంగుళాలు జరిగేవి (కొలిచినవాళ్లు లేరు, కాదన్నవాళ్లూ లేరు).

మిషను కక్కే మట్టి వెన్నముద్దలా ఉండేది. మాకు వండిపెట్టే అప్ప దాన్ని చూసి ముచ్చటపడింది.

"ఏటి బాబూ, క్రిస్మస్‌కి గోడ అలకాల. ఈ మట్టి పనికొత్తాదా?"

"పనికిరావడమేంటప్పా! నీ మనవల మనవలు కూడా మళ్లీ అలకక్కర్లేదు" అన్నాను ఛాతీ విరిచి. (బురద చిక్కబడ్డానికి మేమే బస్తాలకొద్దీ బెంటొనైట్ కలుపుతామనీ, ఆ బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుందనీ నాకు తెలుసు. ఆ పూట నోరు డ్యూటీ చేసింది, బుర్ర సెలవు పెట్టింది.) ఎనిమిది తట్టలు నేనే మోశాను. చెప్పేటప్పుడు ఎనభై అంటాను.

మూడోనాటికి గోడ మొసలి వీపైంది. నేను వెళ్లేసరికి ఒక పెచ్చు నన్ను చూసి కావాలనే ఊడిపడింది.

"ఏటి సేసీసినావురా గుంటడా! రేపు పాస్టరుగారు పార్థనకొత్తన్నారు. ఈ గోడ ముందర కూకోబెట్టమంటావా?"

"మట్టి తప్పు కాదప్పా, ఎండ..."

"ఎండ నానెరగనా? గోడ బాగయ్యీదాకా మీ పొయ్యి ముట్టించను!"

ఆ మాట చెవినపడగానే, ఆకలి మీదున్న మా బోరు జట్టు పదకొండు మందీ నావైపు తిరిగారు. "మిషను ఆపి, బేగి పోయి అలుకు" అన్నారు సూపర్‌వైజరు. ఆయన కంఠంలో అంత ఏకాగ్రత బోరు కూలినప్పుడు కూడా వినలేదు. పెచ్చులన్నీ గీకి, ఎర్రమట్టీ పేడా ఊకా కలిపి తొక్కి, చీకటి పడేదాకా అలికాను. అప్ప గుమ్మంలో కూచుని, "అక్కడ బొడిపి. ఇటు పల్చన" అంటూ కర్రతో చూపించింది.

మర్నాడు పాస్టరుగారు కళ్లు మూసుకుని దీర్ఘంగా ప్రార్థన చేసి, తన్మయంగా వెనక్కి ఆనుకున్నారు. గోడ ఇంకా ఆరలేదు. తెల్లచొక్కా వీపంతా ఎర్రగా అచ్చుపడింది. ఆయన గోడని వేలితో తడిమి, "పచ్చిగుంది గానీ, పగులన్నది లేదు. ఎవరలికేరమ్మా?" అన్నారు.

అప్ప కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మా బాబే" అంది.

ఆ పూట నేను తిన్న అన్నం కొలత చెబితే మీరు నమ్మరు. ఇప్పుడు మిషన్లు పెద్దవయ్యాయి, నేనూ లావయ్యాను, గోడలు సిమెంటువయ్యాయి. గోళ్ల సందుల్లో ఇంకా పేడతో, ఆ ఒక్క మాటకి పొంగిపోయి నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.