తిరగబడ్డ బాణం

మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్. లిఫ్ట్ ఉంది, పనిచేయదు. పరిశోధన ఫెలోషిప్ పరీక్షకు చదివేవాళ్లకి అక్కడ జీవశాస్త్రం చెప్పేదాన్ని. పంజాగుట్ట హాస్టల్ నుంచి వచ్చి, మెట్లెక్కి, ఆయాసంతోనే పాఠం మొదలెట్టేదాన్ని.

ఆ రోజు పాఠం డీఎన్ఏ తెగి మళ్లీ అతుక్కోవడం గురించి. ఎక్కడ పడితే అక్కడ తెగదు. ముప్పై నాలుగు అక్షరాల చిన్న వరస ఒకటుంటుంది, ఎంజైమ్ దాన్ని గుర్తుపట్టి అక్కడే కోస్తుంది. ఆ వరసకు దిశ కూడా ఉంటుంది కాబట్టి బాణంలా గీస్తాం. ఆ వరస రెండు చోట్ల ఉండి, రెండు బాణాలూ ఒకే వైపు చూస్తే మధ్య ముక్క ఊడిపోతుంది. ఎదురెదురుగా చూస్తే ఊడదు, ఉన్నచోటే తిరగబడుతుంది. ఇంతే సంగతి.

మా మెటీరియల్‌లో మాత్రం ఎదురెదురు బాణాల కింద ‘ముక్క ఊడిపోతుంది’ అని అచ్చయింది. ఆ బొమ్మ పక్క సంస్థ పుస్తకంలోంచి ఎత్తింది. కాపీ అని తెలియకూడదని మా యజమాని ప్రతి బొమ్మలోనూ ఏదో ఒకటి మార్పించేవాడు. దొంగతనానికీ కాస్త చదువుండాలి. ఈసారి ఒక బాణాన్ని తిప్పించి, కింద మాట అలాగే వదిలేశాడు.

వెళ్లి చెప్పాను. గోడకు చెప్పినా నయం.

“ఏంటి మేడమ్ గారూ, ఒక్క బాణానికి పుస్తకాలన్నీ చించేయమంటారా? పిల్లలు అంత చూడరు లెండి.”

ఒకమ్మాయి చూసింది. వయసు దాటిపోతోంది, ఆమెకదే ఆఖరి ప్రయత్నం. “మేడం, మీరు చెప్పింది ఒకటి, గిండ్ల ఉన్నది ఇంకోటి. పరీక్షల ఏది పెట్టాలె?” అని అడిగింది. పుస్తకంలో ఉన్నది తప్పు, నేను చెప్పిందే పెట్టమని క్లాసులో అందరి ముందూ అన్నాను. మర్నాడు నా క్లాసు ఇంకొకరికి ఇచ్చేశారు. నేను పిల్లల్ని కన్ఫ్యూజ్ చేస్తున్నానట. కొత్తాయన వస్తూనే పుస్తకంలో ఉన్నదే కరెక్టన్నాడట.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఫలితాలయ్యాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఒక్క ప్రశ్న తేడాలో ఫెలోషిప్ పోయింది, ఆ ప్రశ్నకు పుస్తకంలో ఉన్నదే పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఎందుకమ్మా? అర్థమయ్యేలాగే చెప్పానుగా?”

“సమజైంది మేడం. కానీ మిమ్మల్ని తీసేసిన్రు గదా. మీదే తప్పుండొచ్చు అనుకున్న.”