సాంబయ్య గీసిన గడ్డం

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. పట్టాళంలో నాలుగేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో పనిచేశాను. బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఎందరో నా చేతుల్లోనే పోయారు. ఒక్కడైనా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. అందుకే ఈ సంగతి రాయడం నాకే ఇబ్బందిగా ఉంది.

యాభైల చివర్లో జరిగింది. మా ఊరు చిలకలూరిపేటకి ఐదు మైళ్ళు. యుద్ధం నుంచి మా ఊరికి ఐదుగురం ప్రాణాలతో వచ్చాం. నేను పేటలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా కుదిరాను. ఖాసిం పట్టాళంలో లారీ నడిపినవాడు, ఇక్కడా జిన్నింగు మిల్లు లారీయే నడిపేవాడు. సాంబయ్య పత్తీ మిరపా వేసుకునేవాడు. మిగతా ఇద్దరూ వ్యవసాయమే.

ఖాసిం మనసు బాగుండేది కాదు. యుద్ధంలో వాడి లారీ ఎక్కినవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు, వాడు మిగిలాడు. ఒకరోజు వాడి భార్య ఫాతిమా మంగలికత్తిని కొంగులో చుట్టుకుని సాంబయ్య ఇంటికి వచ్చింది.

"అన్నా, ఇది మీ కాడ ఉంచండి. ఆయన అడిగినా ఇయ్యమాకండి" అంది.

సాంబయ్య ఎందుకని అడగలేదు. ఖాసింని పిలిచి, "ఆదివారం మా ఇంటికి రారా, నేను గీస్తా" అన్నాడంతే.

రెండు వారాలు తిరక్కుండా మేమందరం అక్కడే చేరాం. ఒకడి గడ్డం ఇంకొకడు గీయడం. కత్తులన్నీ సాంబయ్య ట్రంకుపెట్టెలో, తాళంచెవి వాడి మొలతాడుకి. ఊరి మంగలికి మామీద పీకలదాకా కోపం. ఇంట్లో మంచినీళ్ళ చెంబు ఎత్తని మగాడు ఊళ్ళోవాళ్ళ గడ్డాలు గీస్తున్నాడని మా ఆవిడ దెప్పేది.

కానీ సబ్బు నురగ పూసుకున్న మొహానికి సిగ్గుండదు. పెళ్ళాలకి చెప్పుకోలేని మాటలు మేం అక్కడ చెప్పుకున్నాం. ఎవడికైనా కన్నీళ్ళొస్తే సబ్బు పడిందనేవాళ్ళం. మాకు ఒకే నియమం. ఆదివారం రానివాడి ఇంటికి ఎవరో ఒకరు అదే పూట వెళ్ళి చూడాలి.

సాంబయ్యది ఎడమచేతివాటం. ఎంత జాగ్రత్తగా గీసినా కుడి చెవి పక్క జుట్టు ఎడమవైపు కంటే వేలెడు కిందకి దిగేది. దానికి వాణ్ణి ఏడిపించుకు తినేవాళ్ళం.

పత్తి తీతల్లో ఒక ఆదివారం, జ్వరంగా ఉంది, ఎవరూ రావద్దని సాంబయ్య కబురు పెట్టాడు. వెళ్ళి చూడాల్సిన వంతు నాది. నాకూ కాస్త చేను ఉంది, ఆ రోజు దాంట్లో కూలీలు దిగి ఉన్నారు. సాయంత్రం వెళ్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నానికే తన ప్రాణం తనే తీసుకున్నాడు. మా అందర్నీ కనిపెట్టుకుని ఉన్నవాణ్ణి ఎవరు కనిపెట్టాలో మాకెవరికీ తట్టలేదు.

పెట్టె, తాళంచెవి నా దగ్గరికి వచ్చాయి. ఆదివారాలు ఆగిపోయాయి. ఎవరింటి గడప ఎవరూ తొక్కలేదు. ఖాసిం గడ్డం పెంచేశాడు. నాకు అన్నం సయించేది కాదు. ఎవరైనా అడిగితే పైత్యం అనేవాణ్ణి.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఒక సోమవారం, పొద్దెక్కాక, ఫాతిమా వచ్చి మా తలుపు బాదింది. "తెల్లారగట్ల పోయాడన్నా. చెప్పులు కూడా ఏసుకోలా" అని ఏడ్చింది.

ఊరూ చేలూ వెతుకుతూ పరిగెత్తాను. ఈసారీ ఆలస్యమైందనే అనుకున్నాను. ఖాసిం సాంబయ్య చేలో, కల్లం పక్కన కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. మూడు నెలల గడ్డం లేదు. చెవి వెనక సబ్బు నురగ ఇంకా ఆరలేదు.

"ఎవడు గీశాడ్రా?" అన్నాను.

"సాంబయ్య."

నేను నోరు తెరవకముందే వాడే చెప్పాడు. "చావాలనే వచ్చాన్రా. ఎనక నుంచి వచ్చి గడ్డం పట్టుకుని పైకెత్తాడు. కదలమాక, తెగుద్ది అన్నాడు. కదల్లా."

చావడానికి వచ్చినవాడు గాటు పడుతుందని కదలకుండా కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గడ్డం తిప్పి చూశాను. కుడి చెవి పక్క జుట్టు వేలెడు కిందకి దిగి ఉంది.

తర్వాత అన్నీ వాకబు చేశాను. ఊరి మంగలి ఇంటిల్లిపాదితో పెదకాకాని గుడికి మొక్కు తీర్చుకోవడానికి ఆదివారమే వెళ్ళి మంగళవారం గానీ రాలేదు. పక్క ఊరి మంగలి ఖాసిం మొహమే చూడలేదన్నాడు. తనే గీసుకున్నాడనుకుందామంటే సాంబయ్య పోయిన దగ్గర్నుంచీ వాడి చేతిలో టీ గ్లాసే నిలిచేది కాదు. మొహమ్మీద ఒక్క గాటు లేదు. మా కత్తులు ఆ ఉదయం పెట్టె దాటి రాలేదని నాకు ఖాయంగా తెలుసు. ఎలా తెలుసో చెప్తాను.

ఆ పొద్దున కల్లం దగ్గరే, "ఇంకేమన్నాడు?" అని వాణ్ణి అడిగాను.

ఖాసిం లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. "కాంపౌండరు నిన్ను ఎతుక్కుంటా వస్తాడు, వాణ్ణి ఒంటరిగా ఇంటికి పంపమాక అన్నాడు. పద, మీ ఇంటికే వస్తన్నా."

ఆ మిరపకాయల పక్కనే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాను. ఖాసిం నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఫాతిమా తలుపు బాదినప్పుడు నేను వెనకగదిలో గడియ వేసుకుని ఉన్నాను. ఆ పెట్టె మూత తీసి, తెల్లవారుజాము నుంచీ దాని ముందే కూర్చున్నాను. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కత్తులన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి.

ఖాసిం మూడు రోజులు మా ఇంట్లోనే పడుకున్నాడు. ఆ ఆదివారానికి అందరం మళ్ళీ చేరాం. తాళంచెవి ఇకమీదట ఒకడి దగ్గరే ఉండకూడదని, వారానికొకరం మార్చుకోవాలని అనుకున్నాం. చాలా ఏళ్ళు అలాగే సాగింది. మాలో మరొకణ్ణి పోగొట్టుకోలేదు.

గడ్డం సంగతికి ఎవరైనా ఏదో ఒక కారణం చెబితే ఒప్పుకోవడానికి నేను సిద్ధమే. దారిన పోయే మంగలి ఎవడో గీశాడంటే, సరే అంటాను. కానీ గడియ వేసిన ఆ గదిలో నేనేం చేస్తున్నానో మా ఆవిడకే తెలియదు. నేను ఎవరితోనూ అనలేదు. ఖాసింకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.