మారెక్క వంతు

మారెక్క నోటికి జడవని మనిషి నల్లమాడ చుట్టుపక్కల లేడు. తేలు కనిపిస్తే చెప్పు తీసి చంపేది. చౌకదుకాణం అతను చక్కెర తూకంలో చేతివాటం చూపిస్తే నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. అలాంటి మహాతల్లికి బావి అంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు పడిందా అంటే పడలేదు, దయ్యాన్ని చూసిందా అంటే అదీ లేదు. గట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తే చాలు, రెండడుగులు వెనక్కి వేసేది.

వానలు పడే ఏడు ఈ సంగతి ఎవరికి కావాలి? గట్టు మీద నుంచే చేదుకుని పోవచ్చు. కానీ ఆ సీమలో వానలెక్కడివి? ఎనభైల మొదట్లో వరసగా కరువు పట్టి ఊరి మంచినీళ్ల బావి అడుగంటింది. రాతి సందులో ఊరే ఊటే ఇక దిక్కు. రోజూ ఒక ఆడమనిషి బావి గోడలో గుచ్చిన రాళ్ల మీద కాళ్లు పెట్టుకుంటూ అడుక్కు దిగాలి. టెంకాయ చిప్పతో నీళ్లెత్తి కడవలు నింపాలి, పైవాళ్లు తాడుతో లాక్కోవాలి. ఊరి కడవలన్నీ నిండేదాకా ఆమె లోపలే. ఇంటికొక వంతు. వంతు తప్పిన ఇంటికి నీళ్లు లేవు.

మారెక్క వంతుకు పక్కింటి చెన్నమ్మ దిగేది. బక్కపలచటి పిల్ల, కొత్తగా కాపురానికొచ్చింది, మాట తక్కువ. కుచ్చెళ్లు దోపుకుని, పెదవి బిగించి గబగబా దిగిపోయేది. దానికి బదులుగా మారెక్క ఆమె రాగులు విసిరేది, విత్తనానికి వేరుశనక్కాయలు వలిచేది, ఆమెను ఎవరైనా ఒక మాటంటే నాలుగు అప్పజెప్పేది. ఆ పిల్లకు దేవుడు భయమే పెట్టలేదని, ఆమె వాటా కూడా తనకే పెట్టాడని అందరికీ చెప్పి నవ్వించేది. భయం పోయాక తానూ దిగుదాంలే అనుకునేది. అది పోవడానికి చేయని పని లేదు పాపం. పీర్ల చావిడిలో తాయెత్తు కట్టించుకుంది, ఆంజనేయుడి సింధూరం పెట్టుకుంది. భయం మాత్రం పండక్కొచ్చిన ఆడబిడ్డలా కదలనంది.

మరుసటి ఎండాకాలానికి చెన్నమ్మకు ఏడో నెల. ఊరు ఆమె ఇంటి వంతు మాఫీ చేసింది. మారెక్క వంతు మాత్రం అలాగే ఉంది. వంతు వచ్చిన పొద్దున ఆమె కాళ్లీడ్చుకుంటూ బావి దగ్గరికి పోయేసరికి చెన్నమ్మ అప్పటికే గట్టు మీద కుచ్చెళ్లు దోపుకుంటూ ఉంది. నిజం చెప్పాలంటే మారెక్క ప్రాణం ముందు హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాతే ఆ కడుపును చూసింది.

“ఏమ్మే, నీకేమన్నా మతి పోయినాదా? ఈ కడుపుతో దిగుతావా? భయం లేకపోతే మాత్రం...”

“భయం లేదని ఎవురు చెప్పినారక్కా?” అంది చెన్నమ్మ నెమ్మదిగా. “దిగిన ప్రతిసారీ ఈపొద్దు చచ్చిపోతానేమో అనుకుంటా. నువ్వేమో నాకు భయమే లేదని ఊరంతా చెప్తాంటివి. ఇంగ నేనేం చెప్పేది?”

ఇన్నాళ్లూ మారెక్క ధైర్యమున్న మనిషిని పంపుతున్నానని అనుకుంది. పంపింది తనలాగే వణికే పిల్లని. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెన్నమ్మ రెక్క పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి, కొంగు నడుముకు చుట్టి, మొదటి రాయి మీద కాలు పెట్టింది.

దిగినంతసేపూ ఆ బావి తవ్విన వాళ్లను తాతముత్తాతలతో సహా తిట్టింది. సగంలో చేతులు ఆడక గోడను కరుచుకుని ఏడ్చింది. పైనున్న వాళ్లు వచ్చేయమన్నారు. చెన్నమ్మ మాత్రం గట్టు మీద నుంచి లోపలికి వంగి, “ఎడమ కాలు దించక్కా. ఆడ ఇంగో రాయుండాది” అంది. మారెక్క ఎడమ కాలు దించింది. రాయి తగిలింది.

అడుగున కూర్చుని, సగం ఒలకబోస్తూనే చిప్ప చిప్పగా నింపింది. మొదటి కడవ పైకి పోయింది.

“అక్కా, భయం పోయినాదా?” అని పైనుంచి చెన్నమ్మ అడిగింది.

“యాడికి పోతాది? ఈడనే నా పక్కన కూసోనుండాది,” అంది మారెక్క. “ఇంగో కడవ వదలమను.”