రెండు సంచుల మన్ను

కే.వి.కుప్పంలో ఏడున్నర బస్సెక్కినప్పుడు సుబ్బరాయులు చేతిలో రెండు సంచులున్నాయి. రెండిట్లోనూ మన్నే. ఒకటి ఆయన వేరుశనగ చేలో, మేకల ఎరువు తోలిన చోట తవ్వింది. రెండోది పాత ఇటుక బట్టీ పక్కన గీకింది.

వేలూరులో ఒక కాలేజీ ల్యాబులో ఆయనది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం. అక్కడ కొయ్య గుజ్జును పలచటి రేకుగా ఆరబెట్టి, దాని మీద రాగి గీతలు వేసి, వంచినా విరగని సర్క్యూట్లు చేస్తారు. పని తీరాక అవి మట్టిలో కలిసిపోవాలి. వేగంగా పోయే సిగ్నలుకు రేకు నున్నగా ఉండాలి, చిన్న ముడత ఉన్నా దెబ్బే.

సుబ్బరాయులు ఇనప పలకల మధ్య నొక్కి ఆరబెట్టేవాడు. అంచులు కొంచెం ముడుచుకునేవి. ఎవరూ అడగలేదు. ఆరు నెలల కిందట గుడియాత్తం నుంచి సుగన్య చేరింది. వాళ్లింట్లో లుంగీ మగ్గాలు. గంజి పెట్టిన పడుగు నూలును బిగలాగి ఆరేసే ఇంటి పిల్ల, రేకును కూడా నాలుగు పక్కలా చట్రానికి బిగించి ఆరేసింది. అద్దంలా వచ్చింది. ల్యాబు పెద్ద ధర్మలింగం సారు వెలుతురుకు పట్టి చూసి, "ఇంత నున్నటి రేకు ఈ ల్యాబులో చూడలా" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె టిఫిన్ డబ్బా మూత చప్పుడు కూడా సుబ్బరాయులుకు గిట్టలేదు.

చెన్నైలో సర్క్యూట్ల పరీక్షకు ఇద్దరిలో ఒకరు చేసిన రేకే పోతుంది. ముందు ఇద్దరివీ ఇరవై ఎనిమిది రోజులు మట్టి కుండీల్లో పూడ్చాలి. ఎవరిది బాగా కుళ్లితే వాళ్లు చేసిన రేకే చెన్నైకి పోతుంది. మన్ను తెచ్చేది ఎప్పుడూ రైతు మనిషి సుబ్బరాయులే. చేను మన్ను తన కుండీలో పోసుకున్నాడు. బట్టీ మన్ను ఆమెకు.

గడువు నాడు తవ్వితే ఆయన కుండీలో రాగి గీతలు, నాలుగు పీచులు. ఆమెది కడిగి మళ్లీ వాడుకోవచ్చు. సారు ముఖం చిన్నబోయింది. సుబ్బరాయులు అయ్యో పాపమన్నట్టు నిలబడ్డాడు గానీ కడుపులో పాయసం పోసినట్టుంది.

సుగన్య రెండు కుండీలూ పేపరు మీద బోర్లించి వేలితో కెలికింది. ఆయన మన్నులో వానపాములు మెదిలాయి.

"అప్పా, నీ దాంట్లో ఏడు ఎర్రలుండాయి, నా దాంట్లో ఒక్క పురుగూ లేదు. ఈ మన్ను యాడిది?"

"మా ఊరిదే."

"మీ ఊర్లో యాడ? ఇటుక పెళ్లలుండాయే."

"బట్టీ పక్కది" అన్నాడాయన. కావాలనే తెచ్చినావా అని సారు అడిగితే తలూపాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు సారు. ఈసారి మన్నుకు సుగన్యే సుబ్బరాయులు చేనుకు వచ్చింది.

"ఎరువు యాడ తోలినావో ఆడే తవ్వుతా" అన్నది.

పార ఆయనే ఇచ్చాడు. ఆమె చక్కగా తవ్వడం చూసి అదీ ఓర్వలేకపోయాడు.

ఇరవై ఎనిమిదో రోజు తూకం సారు ఆయన చేతే వేయించాడు. ఆయన రేకులో మిగిలింది నూటికి పద్నాలుగు పాళ్లు. ఆమె దాంట్లో తొమ్మిది.